రెండో లెన్సు కొనే ముందు ఒక్క మాట!

షార్జాలో మా గదిలో ఆరుగురం ఉంటాం. జగిత్యాల వాళ్లు ఇద్దరు, సిరిసిల్ల నుంచి ఒకరు, కడప నుంచి ఒకరు, కోనసీమ నుంచి ఇద్దరు. ఒకరి యాస ఒకరికి మొదట్లో ఎక్కకపోయినా కూర మాత్రం అందరిదీ ఒకే గిన్నె. ఆ గిన్నె తర్వాత మాకు ఉమ్మడిగా ఉన్న ఆస్తి ఒక కెమెరా. ఊరికి వెళ్లిపోతున్న ఒక మలయాళీ మిత్రుడి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. దాంతో పాటే వచ్చింది 18-55 కిట్ లెన్సు.

ఆ కెమెరా ఎందుకు కొన్నామో ముందు చెప్పాలి. మా సిరిసిల్ల అన్న కూతురు మూడో తరగతి చదువుతోంది. ఒకరోజు వీడియో కాల్‌లో ఆ పిల్ల "నానా, నువ్వుండే ఊరు సూపియ్యవా?" అని అడిగింది. అన్న ఫోన్ అంతా వెతికాడు. గదిలో బిర్యానీ తింటున్న ఫోటోలు, మాల్‌లో నిలబడి తీసుకున్న సెల్ఫీలు, సైట్‌లో హెల్మెట్ పెట్టుకున్న ఫోటోలు... అంతే! పదకొండేళ్లుగా ఉంటున్న దేశంలో ఒక కొండ లేదు, ఒక ఎడారి లేదు, ఒక సముద్రం లేదు. ఆ రాత్రి గదిలో ఎవరికీ సరిగా నిద్ర పట్టలేదు.

గల్ఫ్‌లో కెమెరా పట్టుకున్న మన వాళ్లు ఇప్పుడు చాలామందే కనిపిస్తున్నారు. ఇది మంచి మార్పే. అయితే కెమెరా చేతికొచ్చిన మూడు నెలలకే 'ఇంకో లెన్సు కొనాలి' అనే జబ్బు పట్టుకుంటోంది. మాకూ పట్టింది. దాని గురించే ఈ నాలుగు మాటలు. లెన్సు కొనొద్దని మేం చెప్పడం లేదు. చెమటోడ్చిన డబ్బుతో కొనేటప్పుడు ఏది, ఎప్పుడు, ఎందుకు అన్నది చూసుకోవాలంటున్నాం.

నలభై ఫోటోలు, పదహారు వందల దిర్హమ్‌లు

మా కడప తమ్ముడికి జరిగింది చెబితే మా బాధ మీకు అర్థమవుతుంది. కొండలు, ఎడారులు తీయాలంటే ఎఫ్ 2.8 వైడ్ లెన్సు ఉండి తీరాలని ఏదో వీడియోలో చూశాడు. దుకాణంలోనూ అదే మాట. "ఒక్కసారి పెట్టుబడి పెట్టు భాయ్, జీవితాంతం ఉంటుంది" అన్నారట. ధర 3,600 దిర్హమ్‌లు. తమ్ముడి జీతం 2,200. చేతిలో కార్డు లేదు కాబట్టి స్నేహితుడి కార్డు మీద 12 నెలల వాయిదాలకు తీసుకున్నాడు. నెలకు 300.

మూడు నెలలు బాగానే కట్టాడు. నాలుగో నెల కంపెనీలో జీతం ఆలస్యమైంది. వాయిదా తప్పింది. స్నేహితుడి మీద జరిమానా పడింది. అదే నెలలో ఊళ్లో తమ్ముడి కాలేజీ ఫీజు. పంపడానికి డబ్బు లేక అమ్మ మెళ్లో గొలుసు తాకట్టుకు వెళ్లింది. చివరికి ఆ లెన్సు 2,000కు అమ్మి బాకీ తీర్చాడు. నష్టం 1,600 దిర్హమ్‌లు. దాంతో తీసిన ఫోటోలు లెక్కపెడితే నలభై. అంటే ఒక్కో ఫోటో ఖరీదు 40 దిర్హమ్‌లు!

ఇందులో అసలు విషాదం వేరే ఉంది. ఎఫ్ 2.8 అనేది వెలుతురు తక్కువైనప్పుడు పనికొచ్చే గుణం. పెళ్లి మండపంలో, రాత్రి పూట కదిలే మనుషుల్ని తీసేవాళ్లకు అది అవసరం. కొండను తీసేవాడు దగ్గరి రాయి, దూరపు శిఖరం రెండూ స్పష్టంగా రావాలని ఎలాగూ ఎఫ్ 8కో, ఎఫ్ 11కో పెట్టుకుంటాడు. అక్కడ 300 డాలర్ల లెన్సుకూ, వెయ్యి డాలర్ల లెన్సుకూ మధ్య తేడా చాలా వరకు తగ్గిపోతుంది. మా తమ్ముడు వాడని గుణానికి డబ్బు కట్టాడు. దుకాణం వాళ్లు అబద్ధం చెప్పలేదు. కానీ 'ఏం తీస్తావు బాబూ?' అని అడగలేదు. అడగాల్సింది మనమే... మనల్ని మనమే!

ముందు పాత ఫోటోలు లెక్కపెట్టండి

మా మొదటి సలహాకు పైసా ఖర్చు లేదు. ఇప్పటిదాకా మీరు తీసిన వాటిలో మీకు నచ్చిన ఓ రెండొందల ఫోటోలు తీయండి. ప్రతి డిజిటల్ ఫోటోలోనూ అది ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర తీశారో రాసి ఉంటుంది. కంప్యూటర్‌లో ఫోటో మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో వివరాలు చూస్తే 'ఫోకల్ లెంగ్త్' అని కనిపిస్తుంది. ఒక కాగితం మీద గీతలు గీసుకుంటూ లెక్కపెట్టండి. ఆదివారం వంట ఉడికేలోపు అయిపోతుంది.

ఎక్కువ ఫోటోలు 18 దగ్గరే ఉన్నాయా? ప్రతిసారీ ఇంకా వెనక్కి జరగాలనిపించి గోడ తగిలిందన్న మాట. మీకు కావాల్సింది వైడ్. ఎక్కువ 55 దగ్గర ఉన్నాయా? ఇంకా దగ్గరికి లాగాలని చేతులు చాస్తున్నారు. మీకు కావాల్సింది టెలీ. అన్నీ మధ్యలో, 24కీ 45కీ నడుమ చెదురుగా ఉన్నాయా? అయితే మీకు ఏ లెన్సూ అక్కర్లేదు. ఆ డబ్బు పెట్టి జెబెల్ జైస్‌కో, హత్తాకో వెళ్లి రండి. కొత్త లెన్సు కంటే కొత్త చోటు మంచి ఫోటో ఇస్తుంది.

మా ఆరుగురి ఫోటోలు విడివిడిగా లెక్కపెడితే ఆశ్చర్యం వేసింది. కోనసీమ వాళ్లిద్దరివీ 18 దగ్గర గుట్టపడ్డాయి. పొలం, కాలువ, ఆకాశం ఒకేసారి చూసిన కళ్లు కదా! జగిత్యాల పెద్దన్నవి 55 దగ్గర. గుట్ట మీద ఒంటరి చెట్టు, ఎడారిలో ఒక్క ఒంటె... ఆయన చూపే అంత. ఒకే కెమెరా, ఒకే లెన్సు, కానీ అవసరాలు వేరు. 'అందరూ కొంటున్నారు కాబట్టి' అనే మాట ఎంత తప్పో ఆ కాగితమే చెప్పింది.

లెన్సు కంటే ముందు మూడు కాళ్లు

రెండో సలహా. చేతిలో ఉన్నది మొదటి వెయ్యి దిర్హమ్‌లైతే అందులో ముందు వాటా ట్రైపాడ్‌ది. పొద్దు పొడవక ముందూ, పొద్దు గుంకిన తర్వాతా ఓ అరగంట పాటు గల్ఫ్ ఆకాశం ఇచ్చే రంగులు మధ్యాహ్నం ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా రావు. ఆ వెలుతురులో చేత్తో పట్టుకుంటే ఫోటో కదిలిపోతుంది. ట్రైపాడ్ మీద పెట్టి, ఐఎస్ఓ 100కు దించి, రెండు సెకన్ల టైమర్ పెట్టి వదిలేస్తే మన కిట్ లెన్సే కొత్త పెళ్లికొడుకులా కనిపిస్తుంది. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్సు పక్కనుండే స్టెబిలైజర్ బటన్ ఆఫ్ చేయడం మరవొద్దు.

ఇక్కడ మనకు బాగా తెలిసిన లెక్క ఒకటుంది. యూఏఈలో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదని నిబంధన. మేం దాన్ని ఫోటోలకూ పెట్టుకున్నాం. మనిషిని పని చేయనివ్వని ఎండ ఫోటోనూ రానివ్వదు. ఇసుక తెల్లగా, ఆకాశం పాలిపోయి, నీడలు నల్లగా వస్తాయి. ఆ టైమ్‌లో గదిలో పడుకుని, పొద్దు వాలాక బయల్దేరడం మేలు. ఇక నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఇక్కడ మన రోజులు. చలికాలం తెల్లవారుజామున పొగమంచు దిగిందా, అద్దెకు దొరికే ఏ లెన్సూ చేయలేని పని ప్రకృతే చేసిపెడుతుంది.

వైడ్: వెడల్పు కాదు, దగ్గరితనం

ఇక లెన్సుల సంగతి. కొండలూ ఎడారులూ అనగానే అందరూ ముందు వైడ్ అంటారు. కెనాన్ చిన్న సెన్సర్ కెమెరాల్లో 18 మిల్లీమీటర్ల దగ్గర మూల నుంచి మూలకు దాదాపు 74 డిగ్రీలు కనిపిస్తుంది. 10 దగ్గర 107 డిగ్రీలు. తేడా చిన్నది కాదు. కెనాన్ 2014లో తెచ్చిన ఈఎఫ్-ఎస్ 10-18 లెన్సు బరువు 240 గ్రాములే. విడుదలైనప్పుడు అమెరికాలో దాని ధర 300 డాలర్లు, మన లెక్కలో సుమారు 1,100 దిర్హమ్‌లు. అంతకు ముందు కంపెనీ సొంతంగా తెచ్చిన 10-22 అంతకు రెట్టింపు దాటి ఉండేది. నికాన్ వాళ్లకు 2017లో వచ్చిన ఏఎఫ్-పీ 10-20 ఉంది. అదీ దాదాపు అదే ధరకు విడుదలైంది. తక్కువ జీతాల వాళ్లకు వైడ్ లెన్సు అందిన రోజులంటే ఆ రెండూ వచ్చిన తర్వాతే.

అయితే ఒక హెచ్చరిక. వైడ్ పెట్టగానే దూరపు కొండ చీమలా అయిపోతుంది. 'ఇంత పెద్ద కొండ ఫోటోలో గులకరాయిలా వచ్చిందేంటి?' అని మేమూ మొదట్లో తిట్టుకున్నాం. దాని కిటుకు దూరంలో లేదు, దగ్గరలో ఉంది. కాళ్ల ముందున్న రాయి, ఎండిన మొక్క, ఇసుక మీద గాలి గీసిన గీతలు... వాటికి మోకాళ్ల మీద దగ్గరగా వెళ్లాలి. అప్పుడు ముందు రాయి, వెనక కొండ రెండూ మాట్లాడుకుంటాయి. ముందు ఏమీ లేని చోట వైడ్ తీసేది బోలెడంత ఖాళీ మాత్రమే.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. వైడ్ కొనకుండానే వైడ్ ఫోటో తీయొచ్చు. కెమెరా నిలువుగా పట్టుకుని, 30-35 మిల్లీమీటర్ల దగ్గర, ఎడమ నుంచి కుడికి ఐదారు ఫోటోలు తీయండి. ఒక్కో ఫోటోలో మూడో వంతు పక్క ఫోటోతో కలవాలి. ఎక్స్‌పోజర్, ఫోకస్ మధ్యలో మారకుండా మాన్యువల్‌లో పెట్టుకోవాలి. తర్వాత 'హ్యుగిన్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాటిని కుట్టి ఒకే ఫోటో చేస్తుంది. అలలు, మనుషులు కదిలే చోట సరిగా కుదరదు గానీ కదలని కొండకు చక్కగా పనికొస్తుంది. ఆరు నెలలు ఇలా తీశాక కూడా వైడ్ కావాలనిపిస్తే అప్పుడు కొనండి. అది జబ్బు కాదు, అవసరం.

టెలీ: ఎవరూ చెప్పని కొండ లెన్సు

మా గదిలో చర్చ బాగా వేడెక్కింది టెలీ దగ్గరే. "పక్షులకీ, క్రికెట్‌కీ గదా అది, కొండలకెందుకన్నా?" అని కోనసీమ తమ్ముడు. పెద్దన్న మాట్లాడలేదు. రస్ అల్ ఖైమాలో 1,900 మీటర్లు దాటిన జెబెల్ జైస్ దారిలో, పొద్దుగూకే వేళ అరువు తెచ్చిన 55-250తో తీసిన ఫోటో ఒకటి చూపించాడు. ఒకదాని వెనక ఒకటిగా ఏడు కొండల వరస, ముందుది నలుపు, వెనక్కి పోయేకొద్దీ బూడిద రంగు, చివరిది ఆకాశంలో కలిసిపోయింది. తమ్ముడు ఇంకేం అనలేదు.

దూరంగా ఉన్న వరసల్లోంచి ఒక చిన్న ముక్కను కత్తిరించి దగ్గరికి తేవడం టెలీ చేసే పని. అందుకే కొండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి. లీవా ఇసుక దిబ్బల వంపులు, అల్ అయిన్ ఒయాసిస్సులో ఖర్జూర మొవ్వులు, దూరంగా ఫుజైరా సముద్రం మీద ఓడ... వీటికి టెలీయే సరి. కెనాన్ 55-250 ఎస్‌టీఎం 2013లో వచ్చింది. బరువు 375 గ్రాములు. ఫిల్టర్ సైజు 58 మిల్లీమీటర్లు. 18-55 ఎస్‌టీఎం సైజు కూడా అదే కాబట్టి ఒక పోలరైజర్ కొంటే రెండింటికీ సరిపోతుంది. ఇలాంటి చిన్న లెక్కలే బడ్జెట్‌ను కాపాడతాయి.

గల్ఫ్‌లో టెలీకి ఒక శత్రువు ఉంది... ఎండ సెగ. ఎండెక్కాక నేల మీంచి లేచే సెగకు దూరపు దృశ్యం నీళ్లలో చూసినట్టు వణుకుతుంది. అది లెన్సు లోపం అనుకుని దుకాణానికి తిరగొద్దు. పొద్దున్నే తీయండి.

మా అభిప్రాయం అడిగితే, పర్యటనల్లో తీసేవాళ్లకు కిట్ లెన్సు తర్వాత డబ్బుకు ఎక్కువ పని చేసేది టెలీయే. వైడ్ పనిని కుట్టిన ఫోటోలు కొంతైనా చేస్తాయి. టెలీ పనిని ఏదీ చేయదు. ఫోటోను కంప్యూటర్‌లో కత్తిరించి పెద్దది చేస్తే గింజలు గింజలుగా వస్తుంది. మా గదిలో ముగ్గురు దీన్ని ఒప్పుకోరు. వాళ్ల లెక్క కాగితంలో 18 దగ్గర గీతలు ఎక్కువ కాబట్టి వాళ్లదీ న్యాయమే.

యాభై మాట, అన్నీ ఒకదాంట్లో మాట

50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు గురించి అందరూ చెబుతారు. కెనాన్ ఎస్‌టీఎం రకం 2015లో 125 డాలర్ల చుట్టూ విడుదలైంది, అంటే 460 దిర్హమ్‌లు. బరువు 160 గ్రాములే. గదిలో మనుషుల్ని, రాత్రి వీధిని తీయడానికి దాన్ని మించింది లేదు. కానీ చిన్న సెన్సర్ మీద అది 80లా పని చేస్తుంది. కొండకు ఇరుకు. చౌక కదా అని కొండల కోసం కొంటే మాత్రం నిరాశే. నికాన్ వాడేవాళ్లకు 35 ఎఫ్ 1.8 కాస్త నయం.

ఇక 18-200, 18-300 లాంటి 'అన్నీ ఒకదాంట్లో' లెన్సులు. వీటిని తెలిసినవాళ్లు చిన్నచూపు చూస్తారు. మూలల్లో పదును తగ్గుతుంది, బరువు ఎక్కువ, నిజమే. అయినా ఇసుక గాలిలో లెన్సు మార్చే పని తప్పుతుంది. ఏడాదికి రెండు సార్లు మాత్రమే బయటికి వెళ్లగలిగే మనిషికి, సంచిలో మూడు లెన్సులు మోయలేని మనిషికి అది తప్పు ఎంపిక కాదు. తక్కువ ధరకు సెకండ్ హ్యాండ్‌లో దొరికితే తీసుకోవచ్చు. కొత్తది అప్పు చేసి మాత్రం వద్దు.

సెకండ్ హ్యాండ్‌లో ఏం చూడాలి?

ఇప్పుడు పెద్ద కంపెనీలన్నీ అద్దం లేని కొత్త కెమెరాల వైపు మళ్లాయి. అందుకే పాత డీఎస్ఎల్ఆర్ లెన్సులు చాలామంది అమ్మేస్తున్నారు. మన లాంటివాళ్లకు ఇది పండగే. కెనాన్ ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్సులు రేపు అద్దం లేని కెమెరా కొన్నా అడాప్టర్‌తో పని చేస్తాయి. నికాన్‌లో కొంచెం జాగ్రత్త. మోటారు లేని పాత ఏఎఫ్-డీ లెన్సులకు చిన్న బాడీల మీద ఆటోఫోకస్ ఉండదు. ఏఎఫ్-పీ లెన్సులు డీ3100, డీ5100 లాంటి పాత బాడీల మీద ఫోకస్ చేయవు. కాబట్టి మీ బాడీని వెంట తీసుకెళ్లి, తగిలించి చూశాకే డబ్బు తీయండి.

ఫోన్ టార్చ్ వేసి లెన్సును రెండు వైపుల నుంచీ చూడండి. లోపల సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్, తిరిగి ఇచ్చేయండి. ఒకటీ అరా దుమ్ము కణాలుంటే ఖల్లీవల్లీ, ఫోటోలో కనిపించవు. జూమ్ తిప్పితే ఇసుక కరకరలాడకూడదు. అపర్చర్ రేకుల మీద నూనె మరక ఉండకూడదు. చివరగా ఒక ఇటుక గోడను ఎదురుగా నిలబడి ఎఫ్ 8 దగ్గర తీసి, నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడండి. మూడు మూలలు పదునుగా ఉండి ఒకటి మసకగా ఉంటే అది ఎప్పుడో కింద పడిన లెన్సు. అమ్మేవాడు ఎంత మంచివాడైనా ఆ గోడ అబద్ధం చెప్పదు.

కొన్నాక కాపాడుకోవడం ఇంకో పని. ఏసీ గదిలోంచి ఎండాకాలపు ఉక్కలోకి కెమెరా తీయగానే లెన్సు మీద ఆవిరి పడుతుంది. సంచి మూత తీయకుండా అరగంట బయట ఉంచితే సరి. ఎడారిలో లెన్సు మార్చాల్సి వస్తే కారు లోపల, అద్దాలు మూసి, కెమెరా నోరు కిందికి పెట్టి మార్చండి.

గది చిట్టీ

ఇంతకీ మేమేం చేశాం? అప్పు జోలికి పోకుండా చిట్టీ వేసుకున్నాం. మనకు తెలియని విద్య కాదు కదా! మనిషికి నెలకు 50 దిర్హమ్‌లు, ఆరుగురికి 300. మూడు నెలలకు 900 అయింది. అందులో 600కు ఒక సెకండ్ హ్యాండ్ 10-18, మిగిలిన 300లో ట్రైపాడ్, పోలరైజర్ వచ్చాయి. తర్వాతి చిట్టీలో 55-250 కొన్నాం. వైడ్ ముందా టెలీ ముందా అన్నది చీటీ వేసి తేల్చాం. పెద్దన్న ఓడిపోయాడు, నవ్వి ఊరుకున్నాడు.

నియమాలు గోడ మీద రాసి పెట్టాం. ఇంటికి పంపాల్సింది పంపాకే చిట్టీ. ఆ నెల ఎవరికైనా ఇంట్లో ఆపద వస్తే 50 మాఫీ, ఎవరూ అడగకూడదు. పగలగొట్టిన వాడు సగం పెట్టుకోవాలి, మిగతా సగం గదిది. వీసా రద్దయి ఇంటికి వెళ్లేవాడి వాటా లెక్కగట్టి చేతికివ్వాలి. ఒక మనిషికి మోయలేని బరువైన కోరిక ఆరుగురికి టీ ఖర్చయింది. గల్ఫ్‌లో బెడ్ స్పేస్ పంచుకుంటాం, గ్యాస్ సిలిండర్ పంచుకుంటాం, లెన్సు పంచుకోవడానికి నామోషీ ఎందుకు?

ఫోటో మనదే, మొహం మనది కాదు

పెద్ద లెన్సు చేతికొచ్చాక మరవకూడని మాట ఇది. యూఏఈలో 2021 నాటి 34వ నంబర్ సైబర్ నేరాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఇతరుల ఫోటోలు తీసి వాళ్ల గోప్యతకు భంగం కలిగిస్తే కనీసం 6 నెలల జైలు గానీ, లక్షన్నర నుంచి 5 లక్షల దిర్హమ్‌ల జరిమానా గానీ, రెండూ గానీ పడతాయి. టెలీతో బీచ్‌లో కుటుంబాల వైపు, ఆడవాళ్ల వైపు తిప్పొద్దు. సైనిక స్థావరాలు, విమానాశ్రయాలు, ప్రభుత్వ కట్టడాల జోలికి అసలే పోవద్దు. కొండను తీయండి, అది కేసు పెట్టదు.

ఇంకొకటి. 'లెన్సు ఖర్చు రాబట్టుకోవడానికి శుక్ర, ఆదివారాల్లో ఫంక్షన్లు తీద్దాం' అనే ఆలోచన చాలామందికి వస్తుంది. ఒక కంపెనీ వీసా మీద ఉండి పర్మిట్ లేకుండా బయట డబ్బుకు పని చేయడం ఇక్కడ నేరం. నాలుగొందల కోసం పోయి ఉన్న కొలువు పోగొట్టుకోవద్దు. తిరిగి సంపాదించి పెట్టాల్సిన అవసరం లేనంత చిన్న ఖర్చు చేసుకోవడమే దీనికి మందు.

సరదా కాదు, హక్కు

"కూలి పనికొచ్చిన వాళ్లకు ఈ కెమెరాలెందుకు, ఫోన్ చాలదా?" అని అడిగేవాళ్లున్నారు. మన వాళ్లే అడుగుతారు. చాలామందికి ఫోన్ చాలు, నిజమే. కానీ ఆ మాట వెనకున్న ఇంకో మాటను మేం ఒప్పుకోం. గల్ఫ్ మనకు జీతం ఇచ్చే చోటు మాత్రమే అనీ, చూడటం, ఆనందించడం టూరిస్టుల పని అనీ అనుకుంటే ఎలా? పదేళ్లు ఒక దేశంలో రోడ్లు వేసి, గోడలు కట్టి, దాని కొండ మీద పొద్దు పొడుపు ఒక్కటీ చూడకుండా తిరిగి వెళ్లడం కంటే పేదరికం ఏముంటుంది? అప్పు చేసి ఆ ముచ్చట తీర్చుకోవడం తప్పు. తీర్చుకోకపోవడమూ మాకు తప్పుగానే తోస్తోంది.

మొన్న చలికాలం ఏడు సీట్ల బండి అద్దెకు తీసుకుని ఆరుగురం జెబెల్ జైస్ వెళ్లాం. తెల్లారకముందే చేరాం. సిరిసిల్ల అన్న ట్రైపాడ్ పెట్టి కిట్ లెన్సుతోనే తీశాడు. కొత్తవి రెండూ సంచిలో ఉన్నా తీయలేదు. "ఇది సాలు, ఆమెకు నేను నిలబడ్డ కాడ నుంచి కనిపించాలె" అన్నాడు. ఆ ఫోటో ప్రింటు తీయించి సెలవుకు వెళ్లిన జగిత్యాల అన్న చేతికిచ్చి పంపాం. ఇప్పుడది సిరిసిల్లలో గోడ మీద, గడియారం పక్కన ఉంది. ఆ పిల్ల స్కూల్లో అందరికీ 'మా నాన ఊళ్లె గుట్టలున్నయ్' అని చెబుతోందట.

మిత్రులారా! రెండో లెన్సు కొనండి, కాదనం. ముందు మీ పాత ఫోటోలు లెక్కపెట్టండి, ఇంటికి పంపాల్సింది పంపండి, పక్క బెడ్ అన్నను కలుపుకోండి. ఆ తర్వాత కొన్న లెన్సు చౌకదైనా సరే, దాంతో తీసిన ఫోటో చూసుకున్నప్పుడు మనసులో బాకీ ఉండదు.